విల్లుకు తోలు బంక: మన ఎండకీ ముసురుకీ తట్టుకునేలా ఎంచుకోవడం, కాచడం, అతకడం

చెక్కతో విల్లు చేసేవాళ్ళు చెక్క గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. బంక దగ్గరకు వచ్చేసరికి రెండు మాటల్లో ముగించేస్తారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో అలా కుదరదు. గంగమ్మ జాతర రోజుల్లో 40 డిగ్రీలు దాటే ఎండ, కార్తీకంలో పట్టుకుంటే వదలని ముసురు. ఈ రెండింటినీ తట్టుకుని ఒకే విల్లు ఏడాది పొడవునా అతుకు వదలకుండా నిలబడాలి. జంతు బంకకు ఈ రెండూ శత్రువులే. ఎక్కువ వేడి తగిలితే కాచేటప్పుడే బలం పోతుంది. ఎక్కువ తేమ తగిలితే ఆరిపోయాక కూడా మెత్తబడుతుంది. అందుకే ఏ కంపెనీ బంక మంచిదన్న ప్రశ్న కంటే ఏ నెలలో, ఎంత వేడి మీద, ఎన్ని నీళ్ళతో అన్న ప్రశ్నలకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

శ్రీకాళహస్తిలో కన్నప్ప కొండ ఎక్కినవాళ్ళకు విల్లు ఈ నేలకు కొత్త కాదని చెప్పక్కర్లేదు. ఒకే కర్రను చెక్కి చేసే విల్లుకు, మామూలు వెదురు విల్లుకు బంక అవసరమే లేదు. బంక కావలసింది నాలుగు సందర్భాల్లో: విల్లు వీపు (లాగేటప్పుడు మనకు అవతలివైపు ఉండే ముఖం) మీద నరాల (కండను ఎముకకు పట్టి ఉంచే తెల్లటి గట్టి నార) పొర వేసేటప్పుడు, రెండు పట్టీలు అతికి ఒక విల్లు చేసేటప్పుడు, పిడి దగ్గర రెండు ముక్కలను కోసి కలిపేటప్పుడు, కొమ్ము అతికేటప్పుడు. వీటిలో మొదటిదానికీ చివరిదానికీ జంతు బంకను మించింది లేదు.

కారణం పదార్థంలోనే ఉంది. తోలు, నరం, ఎముక, చేప గాలితిత్తి, వీటన్నిటిలో ఉండేది కొల్లాజెన్ అనే ఒకే మాంసకృత్తు. నీళ్ళలో సన్నని వేడి మీద ఎక్కువసేపు ఉంచితే అది జెలటిన్‌గా మారి కరుగుతుంది. ఆ జెలటినే బంక. నరాల పొర మీద తోలు బంక పూసినప్పుడు రెండూ ఒకే జాతి పదార్థాలు కాబట్టి నరం బంకను లోపలికంటా పీల్చుకుంటుంది. ఆరేటప్పుడు రెండూ కలిసి కుంచించుకుని విల్లు వీపును బిగించి లాగుతాయి. ఫెవికాల్‌తో ఈ పని జరగదు. పైగా తెల్ల బంకలు ఎప్పుడూ లాగుడు మీద ఉండే అతుకులో మెల్లగా జారతాయి. బాగా ఆరిన తోలు బంకకు ఆ జారుడు చాలా తక్కువ. ఈజిప్టులో టుటన్‌ఖామున్ సమాధిని 1922లో తెరిచినప్పుడు చెక్క, కొమ్ము, నరం కలిపి అతికిన విల్లులు బయటపడ్డాయి. అవి మూడు వేల ఏళ్ళకు పైబడినవి.

ముందుగా చట్టం సంగతి. శేషాచలం అడవుల్లోంచి కర్ర గానీ, ఎర్రచందనం గానీ, జింక, దుప్పి, కణితి నరాలు, కొమ్ములు గానీ ముట్టుకోకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ జంతువుల ఏ భాగమైనా దగ్గర పెట్టుకోవడమే నేరం. విదేశీ వీడియోల్లో జింక నరాలు వాడుతుంటే చూసి ఆ దారిన పోవద్దు. గొర్రె, మేక, గేదె నరాలు మనకు సరిపోతాయి. ఆవు తోలు ముట్టుకోవడం ఇష్టం లేనివాళ్ళకు మేక తోలు బంకతో బలంలో లోటేమీ రాదు. అయితే కొట్లో కొన్న బంక ఏ జంతువుదో తెలిసే వీలు లేదు కాబట్టి, పట్టింపు ఉన్నవాళ్ళు సొంతంగా కాచుకోవడమే మేలు. అసలు జంతు పదార్థమే వద్దనుకునేవాళ్ళు నరాల పొర జోలికి పోకుండా వెదురు పట్టీల విల్లును ఎపాక్సీ అనే రసాయన బంకతో అతుక్కోవచ్చు. అది కూడా మంచి విల్లే.

ఏ పనికి ఏ బంక

తోలు బంక అన్ని పనులకూ పనికొస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళు వేరేది చూడక్కర్లేదు. బలం ఎక్కువ, దొరకడం సులువు, ప్రవర్తన ముందే తెలుస్తుంది.

ఎముకల బంక ముదురు రంగులో, కాస్త ఘాటు వాసనతో ఉంటుంది. కుర్చీలు, తలుపుల పనికి వాడొచ్చు. విల్లులో వంగే చోట మాత్రం దీన్ని వాడమని నేను ఎవరికీ చెప్పను. ధర తక్కువ అన్నది ఒక్కటే దాని గొప్ప. చెక్క విల్లుకు పట్టే బంకే కొంచెం, అందులో మిగిలేది ఏమీ ఉండదు.

నరాల బంక చాలా గట్టిది. నరాల నారలు చీల్చగా మిగిలిన తుక్కుతో కాచుకోవచ్చు. ఒక విల్లుకు సరిపడా రావాలంటే చాలా తుక్కు పోగవ్వాలి. అందుకే దాన్ని విడిగా కాకుండా తోలు ముక్కలతో కలిపి కాచడం తేలిక.

చేప గాలితిత్తి బంక గురించి మాత్రం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాకు ఇది అందుబాటులో ఉన్న సంపద. తుర్కీ విల్లుకారులు నరాల బంకలో చేప బంక కలిపి వాడేవాళ్ళు. కొరియాలో కొమ్ము విల్లులకు ఈనాటికీ గొరక జాతి చేప గాలితిత్తి బంకే వాడతారు. మన కోస్తాలో లక్షలు పలికిందని వార్తల్లోకి వచ్చే కచ్చిడి చేప కూడా ఆ కుటుంబానిదే. కచ్చిడి గాలితిత్తి ధర బంగారం దారిలో ఉంది కాబట్టి అది మన పనికి కాదు. పులికాట్ వైపు నుంచి వచ్చే చిన్న గొరకల తిత్తులు చేపలు శుభ్రం చేసేవాళ్ళను ముందురోజే అడిగి పెట్టుకుంటే దొరుకుతాయి. అవీ దొరక్కపోతే శీలావతి, బొచ్చె తిత్తులు కూడా బంక ఇస్తాయి, కాస్త పల్చగా. చేప బంక తోలు బంక కంటే తక్కువ ఉష్ణోగ్రత దగ్గర గడ్డకడుతుంది. అంటే చలికాలంలో చేతికి ఎక్కువ సమయం ఇస్తుంది, మెల్లగా సర్దుకుంటూ పని చేయొచ్చు. ఆరాక తోలు బంక కంటే కాస్త సాగే గుణం కూడా ఉంటుంది. తేమను మాత్రం రెండూ పీల్చుకుంటాయి.

కొనేటప్పుడు

హార్డ్‌వేర్ కొట్లలో వడ్రంగులు వాడే వజ్రం బంక (ఇది జంతు బంకే) బిళ్ళలుగానో, పలుకులుగానో దొరుకుతుంది. పలుకులు తొందరగా నానతాయి. ఎలాంటిదైనా వెలుతురుకు ఎత్తి చూడండి. లేత తేనె రంగులో, అవతలి వెలుతురు కనిపించేలా ఉంటే మంచిది. మబ్బుగా, నల్లగా, బూజు చారలతో ఉంటే వదిలేయండి. ముక్కు దగ్గర పెడితే పచ్చి తోలు వాసన తగలొచ్చు గానీ కుళ్ళు వాసన తగలకూడదు.

నమ్మదగిన పరీక్ష చన్నీళ్ళది. చిన్న ముక్కను గ్లాసుడు చన్నీళ్ళలో రాత్రంతా ఉంచండి. మంచి బంక నీళ్ళు పీల్చుకుని తన సైజుకు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, కానీ విడిపోదు, నీళ్ళు దాదాపు తేటగానే ఉంటాయి. ఉబ్బకుండా కరిగి నీళ్ళలో కలిసిపోయిందంటే దానిలోని మాంసకృత్తు గొలుసులు ముందే తెగిపోయాయని అర్థం. దాన్ని విల్లుకు వాడకండి.

ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళకు ‘బ్లూమ్’ అనే అంకె కనిపిస్తుంది. నిర్ణీత పాళ్ళలో కలిపి, 10 డిగ్రీల దగ్గర గడ్డకట్టించిన జెల్లీని ఒక చిన్న కడ్డీతో 4 మిల్లీమీటర్లు నొక్కడానికి ఎన్ని గ్రాముల బరువు కావాలో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ బలం పెరుగుతుంది, కానీ బంక తొందరగా గడ్డకడుతుంది, నీళ్ళు కూడా ఎక్కువ అడుగుతుంది. చెక్క పనికి 190 నుంచి 250 మధ్యది హాయిగా ఉంటుంది. 300 దాటినది మొదటిసారి చేసేవాళ్ళకు వద్దు.

ఇంకో తేలిక దారి ఉంది. బేకరీ సామాను కొట్లో రుచి, చక్కెర కలపని జెలటిన్ పొడి అడగండి. అది శుభ్రం చేసిన జంతు బంకే, విల్లు పనికి చక్కగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: చైనా గ్రాస్ ఇస్తే తీసుకోకండి. అది సముద్రపు నాచు నుంచి తీసింది. జెల్లీ అవుతుంది గానీ అతకదు.

సొంతంగా కాచుకోవాలంటే

ఓపిక ఉన్నవాళ్ళకు ఇదే నా సలహా. చేతిలో ఏముందో తెలుసుకుని చేసే విల్లు మీద నమ్మకం వేరు.

తోలు ఎక్కడ తెచ్చుకోవాలి? మొదట మృదంగాలు, డప్పులు, పలకలు కట్టేవాళ్ళ దగ్గరకు వెళ్ళండి. సంగీత కళాశాల ఉన్న ఊరు కాబట్టి తిరుపతిలో మృదంగం మూతలు వేసేవాళ్ళు ఉంటారు. చిత్తూరు పల్లెల్లో పలకలు బిగించేవాళ్ళున్నారు. వాళ్ళు కత్తిరించి పడేసే అంచులు వెంట్రుకలు తీసేసి, కొవ్వు గీకేసి, ఏ రసాయనమూ ఎక్కించకుండా ఎండబెట్టిన తోలు. బంకకు అంతకంటే మంచి సరుకు లేదు. వాళ్ళ పనికి గౌరవమిచ్చి, డబ్బిచ్చి తీసుకోండి. తోలు గురించి వాళ్ళకు తెలిసినంత మరెవరికీ తెలియదు, అడిగితే సంతోషంగా చెబుతారు.

రాణిపేట, ఆంబూరు దగ్గరే కదా అని అక్కడి తోలు ముక్కలు తెచ్చేవాళ్ళుంటారు. చెప్పులకూ బ్యాగులకూ కుళ్ళకుండా క్రోమ్ రసాయనం పట్టించిన తోలు ఎంత కాచినా బంక కాదు. నీలంగా కనిపించే తడి తోలు అసలే వద్దు. అలా రసాయనంతో పదును పెట్టకముందు కోసేసిన అంచులైతేనే పనికొస్తాయి.

అవేవీ దొరక్కపోతే మటన్ కొట్లో పచ్చి మేక తోలు. దీనికి సున్నం పని ఉంటుంది. ప్లాస్టిక్ బకెట్‌లో నీళ్ళు పోసి, అడుగున తెల్లగా మిగిలిపోయేంత సున్నం కలిపి, తోలు ముంచండి. రోజూ కర్రతో తిప్పండి. వారం పది రోజుల్లో వెంట్రుకలు వేలితో లాగితే ఊడి వస్తాయి. రబ్బరు గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా ఈ బకెట్ దగ్గరకు వెళ్ళొద్దు, పిల్లలను అసలే రానీయొద్దు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం. వెంట్రుకలు, లోపలి కొవ్వు, మాంసపు పీచు అంతా గీకేశాక రెండు రోజుల పాటు నీళ్ళు మారుస్తూ కడగండి. చివర్లో ఒక బకెట్ నీళ్ళకు కాస్త వెనిగర్ కలిపి అరగంట ఉంచి, మళ్ళీ మంచినీళ్ళతో కడగండి. చేతికి సబ్బు జారుడు తగలడం ఆగిపోవాలి. ఈ పనంతా ఊరి బయట ఖాళీ జాగాలో పెట్టుకుంటే ఇరుగుపొరుగుతో మాట రాదు. తిరుమల కొండ మీదకు మాత్రం ఈ సరుకేదీ తీసుకెళ్ళకూడదు.

కాచడం. తోలును వేలి గోరంత ముక్కలు చేయండి. స్టీలు గిన్నెలో వేసి ముక్కలు మునిగేంత నీళ్ళే పోయండి. ఆ గిన్నెను నీళ్ళున్న పెద్ద గిన్నెలో పెట్టి, లోపలి వేడి 65 నుంచి 70 డిగ్రీల మధ్య ఉంచండి. నాలుగు నుంచి ఆరు గంటలు. పైకి వచ్చే నురగ, కొవ్వు తీసేస్తూ ఉండండి. బుడగలు వస్తున్నాయంటే మంట ఎక్కువైంది, వెంటనే తగ్గించండి. తెర్లే నీళ్ళలో బంక తొందరగా వస్తుంది నిజమే, కానీ వచ్చేది విల్లు లాగుడుకు ఆగదు. ఓపిక లేకనే ఇంట్లో కాచిన బంకకు చెడ్డపేరు వస్తోంది.

పాత నూలు పంచెలో వడకట్టి, ఆ తేట ద్రవాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. గడ్డకట్టాక పైన మిగిలిన కొవ్వు పొర తేలిగ్గా ఊడొస్తుంది. కొవ్వు ఉంటే అతుకు పట్టదు కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు. ఇది మొదటి తీత, అన్నిటికంటే బలమైనది. మిగిలిన ముక్కలకు మళ్ళీ నీళ్ళు పోసి రెండో తీత తీయొచ్చు. దాన్ని విడిగా పెట్టుకుని పునాది పూతకు (అతికే ముందు చెక్కకు వేసే పల్చటి పూత) వాడండి, రెండూ కలపొద్దు.

జెల్లీని చిన్న పట్టీలుగా కోసి, దోమతెర గుడ్డ బిగించిన చట్రం మీద నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టండి. రోజుకు రెండుసార్లు తిప్పాలి. గాజులా గలగలలాడితే ఆరినట్టు. ఇక్కడే ఋతువు అడ్డం వస్తుంది. వేసవిలో జెల్లీ గదిలోనే కరిగిపోయి, ఒక్క రోజులో కుళ్ళుతుంది. ముసురులో ఆరకముందే బూజు పడుతుంది. అందుకే బంక కాచడానికి సంక్రాంతి నుంచి మహాశివరాత్రి దాకా మంచి కాలం. పలమనేరు, కుప్పం వైపు ఎత్తు మీద ఉన్నవాళ్ళకు ఇంకో నెల కలిసొస్తుంది. ఆ కాలంలో ఏడాదికి సరిపడా కాచి, గాలి చొరని స్టీలు డబ్బాలో పెట్టుకుంటే ఏళ్ళ తరబడి చెడదు. చీమలకు, బొద్దింకలకు, ఎలుకలకు ఇది తిండి అని మాత్రం మరచిపోవద్దు.

చేప తిత్తులకు సున్నం అక్కర్లేదు. నెత్తురు, బయటి పొర గీకేసి, రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, సన్నగా తరిగి, 60 డిగ్రీలు దాటకుండా కొన్ని గంటలు వేడిలో ఉంచి వడకట్టడమే.

నానబెట్టడం, కరిగించడం

బంకను గ్లాసులతో కాకుండా తూకంతో కొలవండి. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. మామూలు అతుకుకు 100 గ్రాముల ఎండు బంకకు 200 గ్రాముల నీళ్ళు. నరాల పొరకు ఇంకొంచెం పల్చగా, 300 దాకా. బ్లూమ్ ఎక్కువ ఉన్న బంకైతే నీళ్ళు ఇంకాస్త పెంచండి. తిరుపతి బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ, వాటికి బదులు క్యాన్ నీళ్ళు వాడండి.

చల్లటి నీళ్ళే పోయాలి. వేడినీళ్ళు పోస్తే పైన పొర కట్టి లోపల పలుకు పలుకుగానే ఉంటుంది. పలుకులైతే అరగంట నుంచి గంట, బిళ్ళలైతే రాత్రంతా. వేసవిలో రాత్రంతా నానబెట్టాల్సి వస్తే ఫ్రిజ్‌లో పెట్టండి.

కరిగించడానికి ఎప్పుడూ నీళ్ళ గిన్నె లోపల ఇంకో గిన్నె. నేరుగా స్టవ్ మీద పెడితే అడుగున మాడి, మొత్తం పాడవుతుంది. 60 డిగ్రీలు లక్ష్యం, 65 హద్దు. వంటకు వాడే డిజిటల్ థర్మామీటర్ కొనడం ఈ పనిలో తప్పనిసరి ఖర్చు. బ్యూటీ పార్లర్లలో వాడే వ్యాక్సింగ్ హీటర్ ఇంకా మేలు, దానికి వేడిని నిలిపే మీట ఉంటుంది, లోపల చిన్న స్టీలు గిన్నె కూడా వస్తుంది. దాంట్లోనూ నీళ్ళు పోసి బంకను సీసాలో పెట్టి ముంచండి. మొదటిసారి థర్మామీటర్‌తో చూసి, మీట ఎక్కడుంటే 60 నిలుస్తుందో గుర్తు పెట్టుకుంటే చాలు. రైస్ కుక్కర్ ‘వార్మ్’ మీద పెట్టేవాళ్ళున్నారు. చాలా కుక్కర్లు 65 దాటిపోతాయి, నేనైతే వద్దంటాను.

చిక్కదనం కుంచెతో చూడాలి. కుంచె ఎత్తితే బంక తెగకుండా సన్నటి ధారగా కారాలి. చుక్కలు చుక్కలుగా రాలితే పల్చన, ముద్దలుగా పడితే చిక్కన. పని చేస్తుంటే నీళ్ళు ఆవిరై చిక్కబడుతుంది, అప్పుడప్పుడు చెంచాడు వేడినీళ్ళు కలుపుతుండండి. మూత పెట్టి ఉంచితే పైన మీగడ కట్టదు.

నరాల పొరకు ఇంకో లెక్క ఉంది. నరం కూడా కొల్లాజెనే కాబట్టి 60 డిగ్రీల బంకలో ముంచితే ముడుచుకుపోయి పనికిరాకుండా పోవచ్చు. నరాలను ముంచే గిన్నెలో బంకను 50 డిగ్రీలకు దించండి. వేలు పెడితే కాసేపు ఓర్చుకునేంత వేడి అది.

ఆ రోజుకు కావలసినంతే కరిగించుకోండి. మళ్ళీ మళ్ళీ వేడి చేసిన ప్రతిసారీ కొంత బలం పోతుంది. మిగిలితే ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి, నెలలు ఆగుతుంది. ఫ్రిజ్‌లో వారం లెక్క పెట్టుకోండి. గదిలో వదిలేస్తే ఏప్రిల్‌లో మర్నాటికే నీళ్ళలా పల్చబడి కుళ్ళు వాసన వస్తుంది. అలాంటిదాన్ని మొక్కలకు పోయండి, విల్లుకు వద్దు. గాజు సీసాలో మిగిల్చి ఎండనివ్వకండి, ఎండే బంక గాజు పెచ్చులను ఊడదీసేంత గట్టిగా లాగుతుంది.

చెక్క సిద్ధం, అతకడం

అతికే రెండు ముఖాలూ ఆ రోజే చిత్రిక పట్టి ఉండాలి. టేకు లాంటి నూనె చెక్కనైతే స్పిరిట్ గుడ్డతో తుడిచి, ఆరగానే అతకాలి. వెదురు పైతొక్క నున్నగా ఉంటుంది, దానికి ఏ బంకా పట్టదు. అతికేవైపు తొక్క ఉంటే పూర్తిగా గీకేయండి. చేతి చెమట, నూనె తగిలిన చోట అతుకు లేస్తుంది, కాబట్టి చిత్రిక పట్టాక వేలు పెట్టొద్దు.

తర్వాత పునాది పూత. ఒక పాలు బంకకు ఎనిమిది, పది పాళ్ళ నీళ్ళతో పల్చటి మజ్జిగలా కలిపి, వేడిగా రెండు ముఖాలకూ పూసి పూర్తిగా ఆరనివ్వండి. చెక్క రంధ్రాలు ఈ పూతను తాగేస్తాయి, తర్వాత వేసే అసలు బంక లోపలికి ఇంకకుండా అతుకులోనే నిలుస్తుంది. నరాల పొరకైతే మెరుపు పోకుండా కనిపించేదాకా రెండు మూడు పూతలు వేయండి.

ఇక సమయం. తోలు బంక సుమారు 30 డిగ్రీల చుట్టుపక్కల గడ్డకడుతుంది. జనవరి ఉదయం గది 20 డిగ్రీలుంటే, కుంచె దాటిన నిమిషంలోపే జెల్లీ అయిపోతుంది. అయిపోయాక బిగిస్తే ఆ అతుకు ఉత్తదే. అందుకే చలికాలంలో చెక్క ముక్కలను కాసేపు ఎండలో పెట్టి గానీ, హెయిర్ డ్రయ్యర్‌తో గానీ గోరువెచ్చగా చేసుకుని, సాయానికి ఇంకొకరిని పెట్టుకుని, చకచకా పూసి బిగించాలి. మే నెలలో దీనికి పూర్తిగా తిరగబడుతుంది. గదే 38 డిగ్రీలుంటే బంక గడ్డకట్టనే కట్టదు, బిగించిన పట్టీలు జారుతూనే ఉంటాయి, నరాల పొర కిందికి దిగజారుతుంది. వేసవిలో చేయక తప్పకపోతే తెల్లవారుజామున లేదా ఏసీ గదిలో చేయండి. బంక మెల్లగా గట్టిపడాలని ఉప్పు, యూరియా కలిపే పద్ధతి చల్లటి దేశాల్లో ఉంది. మన దగ్గర దాని అవసరం లేదు, ఉప్పు తేమను ఇంకా లాగుతుంది కూడా.

పట్టీలు బిగించడానికి పాత సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి, సాగదీసి ఒకదాని మీద ఒకటి చుట్టండి. ఇనుప క్లాంపుల కంటే ఇది సమంగా నొక్కుతుంది. రబ్బరు కింద తేమ చిక్కుకుంటుంది కాబట్టి మర్నాడు ట్యూబు విప్పి, నూలు తాడుతో దూరం దూరంగా చుట్టి గాలి తగలనివ్వండి. రెండు వారాలు వంచే ప్రయత్నం చేయకండి.

నరాలను ముందే డిష్‌వాష్ సబ్బుతో కడిగి కొవ్వు పోగొట్టాలి. మేక కాళ్ళ నరాలు పొట్టిగా ఉంటాయి కాబట్టి గోడలో ఇటుకల వరసల్లా కొసలు ఒకే చోటకు రాకుండా పేర్చండి. ఒక్కో కట్టను బంకలో ముంచి, వేళ్ళ మధ్య లాగి అదనపు బంక తీసేయాలి. నరం ఎక్కువ, బంక తక్కువ ఉండాలి. బంక ఎక్కువైన పొర ఆరాక పెళుసుగా పగులుతుంది. ఒక పొర వేశాక కనీసం వారం ఆగి రెండోది. పూర్తిగా ఆరి పదునెక్కడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఫిబ్రవరిలో వేసినది వేసవి ఎండకు నీడలో చక్కగా ఆరుతుంది. సెప్టెంబరులో మొదలుపెట్టినది ఆరకముందే వానల్లో చిక్కుకుంటుంది.

విల్లుకు వాడేముందు పరీక్ష

ప్రతి కొత్త బంకకూ ఇది చేయండి. అదే చెక్క తుక్కు ముక్కలు రెండు తీసుకుని, అదే పద్ధతిలో అతికి, రెండు మూడు రోజులు ఆరనిచ్చి, ఉలి పెట్టి చీల్చండి. చీలిక చెక్కలోంచి పోయి, బంక మీద చెక్క పీచు కనిపిస్తే బంక మంచిది. బంక గీత దగ్గర నున్నగా విడిపోతే ఆ బంకనో, మీ వేగాన్నో, చెక్క ముఖాన్నో సరిచూసుకోవాలి. లాగి ఎక్కుపెట్టిన విల్లులో అతుకు ఒక్కసారిగా వదిలితే ముక్కలు మొహం మీదికే వస్తాయి. ఈ పరీక్షకు పట్టే మూడు రోజులు మీ కళ్ళ కోసం.

ఆరిన తర్వాత

నరాల పొర గానీ, అతుకు గీత గానీ తేమకు బయటపడి ఉండకూడదు. పూర్తిగా పదునెక్కాక లక్క పాలిష్ మూడు నాలుగు పల్చటి పూతలు వేయండి, దాని మీద వార్నిష్ వేసినా మంచిదే. తొందరపడి తడి ఉండగానే పూస్తే లోపలి తేమ బయటకు పోయే దారి మూసుకుపోతుంది.

ఏ పూతా తేమను పూర్తిగా ఆపలేదు, ఆలస్యం చేస్తుంది అంతే. తిరుపతిని వరద ముంచెత్తిన 2021 నవంబరు లాంటి నెలలో గోడలే చెమ్మగిల్లుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నారి విప్పి, విల్లును మూత ఉన్న పొడవాటి పెట్టెలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. కొరియాలో కొమ్ము విల్లులను వెచ్చటి పెట్టెలో దాచడం పాత అలవాటు. మన దగ్గర పెట్టెలో ఒక చిన్న పాతకాలపు బల్బు, విల్లుకు దూరంగా, రోజుకు కొన్ని గంటలు వెలిగితే అదే పని జరుగుతుంది. పెట్టె లోపల 35 డిగ్రీలు దాటనివ్వకండి. కారులో, ఎండలో నిలిపిన బండి డిక్కీలో ఎప్పుడూ వదిలేయొద్దు.

ఇంత చేసినా ముసురులో ఎక్కడో ఒక నరం కొస లేస్తే, పట్టీ అంచు వదిలితే, విల్లును లాగడం ఆపేయండి. వాన వెలిసి గాలి పొడిబారేదాకా ఆగి, లేచిన చోట వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ కాసేపు ఉంచితే పాత బంక మెత్తబడుతుంది. దాని మీదే కొత్త వేడి బంక సన్నగా ఎక్కించి, నొక్కి, నూలు దారంతో చుట్టండి. పాత బంకను గీకేయక్కర్లేదు, కొత్త బంక పాతదానిలో కలిసిపోతుంది. ఎపాక్సీ అతుకుకు ఈ సౌలభ్యం లేదు. చుట్టిన దారాన్ని రెండు వారాల తర్వాత విప్పి, ఆ చోట మళ్ళీ లక్క పూత వేసి, మొదట్లో సగం దాకా మాత్రమే లాగుతూ విల్లును మెల్లగా పనిలోకి తెచ్చుకోవాలి.